యాభై ఎనిమిది శాతం

"తొమ్మిది," అంది అమల. "పడుకునేటప్పుడు వంద ఉండింది. ఇప్పుడు తొమ్మిది. ఎవరు చేసినారు ఈ పని?"

వంటింట్లో పెనం మీద దోసె చుయ్యిమంది.

ప్రేమానందం పత్రిక అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. జిల్లా పేజీలో కరెంటు ప్రకటన ఉంది. మరమ్మతుల కోసం ఉదయం ఎనిమిది నుంచి మధ్యాహ్నం ఒంటిగంట దాకా చిత్తూరులో తాముండే కాణిపాకం రోడ్డు వైపు సరఫరా ఉండదు. ఆ ప్రకటన అతను మూడుసార్లు చదివాడు. నాలుగోసారి చదువుతున్నాడు.

"మామా, మిమ్మల్నే."

"నన్ను అడిగితే నన్ను అడుగుతాండానని చెప్పల్ల. ఎవరు, ఎవరు అని గోడను అడిగితే గోడే పలకల్ల."

"లాప్‌టాప్ వాడినారా?"

"వాడలేదు. టెస్టు చేసినాను."

అమల ముందు చార్జర్ తెచ్చి ప్లగ్గులో పెట్టింది. తర్వాత గడియారం చూసింది. ఆరూ యాభై. తొమ్మిదిన్నరకు ఆమె ఇదే లాప్‌టాప్ ముందు కూర్చుని రెండు గంటలు పరీక్ష రాయాలి.

"ఏం టెస్టు?"

"కెపాసిటీ టెస్టు." ప్రేమానందం చొక్కా జేబులోంచి చిన్న నోటుబుక్కు తీశాడు. "డిపోలో ఏ బ్యాటరీ సెల్లుకైనా ఇదే సర్టిఫికెట్. నిండుగా ఎక్కించల్ల, లోడు పెట్టి దించల్ల, అరగంటకోసారి రాయల్ల. ఐదు గంటలకు వంద. ఐదున్నరకు డెబ్భై ఒకటి. ఆరుకు నలభై రెండు. ఆరూ ముప్పై ఐదుకు తొమ్మిది. ఒక్క నిమిషం అటూ ఇటూ పోలేదు."

"లోడు అంటే?"

"పాటలు పెట్టినా. దేవుని పాటలే. సౌండు లేకుండా."

రేణిగుంట కోచ్ డిపోలో ముప్పై నాలుగేళ్లు పనిచేసి రిటైరైన ఫిట్టరు అతను. రైలు పెట్టెల అడుగున ఉండే బ్యాటరీలను ఎక్కించడం, దించడం, డిస్టిల్డ్ వాటర్ పోయడం అతని ఉద్యోగం. డిపో అతన్ని వదిలి ఆరేళ్లయింది. అతను డిపోను వదల్లేదు.

"ఈ రోజే దొరికిందా మీకు?" అంది అమల. "నాకు పరీక్ష ఉండే రోజే?"

"పరీక్ష ఉండాదనే చేసినాను. బలం తగ్గిన సెల్లును ఒకసారి పూర్తిగా దించి మళ్లీ ఎక్కిస్తే పుంజుకుంటాది. నీ మేలు కోరే నాలుగున్నరకు లేచినాను. అదొకటి. రెండోది, పోయిన వారం నువ్వు కంప్యూటర్లో ఏదో రిపోర్టు తీసి, బ్యాటరీ సగం కూడా లేదు, మామే చంపినాడు అని మా డిపో దొరస్వామి ముందర అన్నావు. దొంగ చేతనే దొంగతనం లెక్క రాయించినట్టు, కంప్యూటర్ బ్యాటరీ సంగతి కంప్యూటర్నే అడిగితే ఎట్లమ్మా? నేను సొంతంగా సూడల్ల గదా."

"చూసినారు గదా. ఏం తేలింది?"

ప్రేమానందం నోటుబుక్కు మూసి జేబులో పెట్టాడు.

"నేను చెప్తా," అంది అమల. "గంటా ముప్పై ఐదు నిమిషాలు. కొన్నప్పుడు ఐదు గంటలు వచ్చేది."

"కొన్నప్పుడు మీ అత్తకు ముప్పై రెండు పండ్లూ ఉన్నాయి."

"నా పండ్ల జోలికి వస్తే నీకు ఉండే నాలుగూ రాలతాయి," అంది ఆనందమ్మ వంటింట్లోంచి.

రెండేళ్లుగా ఈ బ్యాటరీ మీద ఆ ఇంట్లో జరగని గొడవ లేదు. ఎనభై శాతం దగ్గర చార్జింగు ఆగిపోయేటట్టు అమల మొదట్లోనే ఏర్పాటు పెట్టుకుంది. అలా చేస్తే బ్యాటరీ ఎక్కువ కాలం నిలుస్తుంది. ప్రేమానందం అది చూశాడు. ఎనభై దాటడం లేదంటే రోగమేనని తీర్మానించాడు. కోడలు ఆదివారం ఆరాధనకు పోయినప్పుడు మునికృష్ణ మొబైల్ షాపుకు తీసుకుపోయి ఆ ఏర్పాటు తీయించాడు. రెక్సిన్ గుడ్డతో కవరు కుట్టించి, లాప్‌టాప్ దానిలో పెట్టి, రాత్రీ పగలూ ఫ్రిజ్ మీద చార్జింగులో ఉంచాడు. ఆమె ప్లగ్గు తీయడం, అతను పెట్టడం. ఆమె విప్పడం, అతను కప్పడం.

సెల్లు నిండుగా ఉంటేనే బతుకుతుంది అనేవాడు. ఆ మాట అతని బ్యాటరీలకు నిజం. సీసం, ఆమ్లం ఉండే బ్యాటరీని ఎప్పుడూ నిండుగానే ఉంచాలి. లాప్‌టాప్‌లో ఉండేది లిథియం. దాన్ని నిండుగా, వేడిగా ఉంచితే లోలోపలే అరిగిపోతుంది. ఈ ముక్క అమల అతనికి ఎన్నిసార్లు చెప్పిందో ఆమెకే గుర్తు లేదు.

"ఎనిమిది దాకా కరెంటు ఉంటాది," అన్నాడు ప్రేమానందం. "ఇంకా గంట పైన ఉండాది. నిండిపోతాది. అన్నీ లెక్కేసుకునే చేసినాను. నేనేమన్నా సన్నపిల్లోన్నా?"

"సన్నపిల్లోడయితే కొట్టి చెప్పొచ్చు," అంది ఆనందమ్మ.

అమల భర్త జోయల్ అప్పుడు స్నానం చేసి తువ్వాలుతో తల తుడుచుకుంటూ వచ్చాడు. తండ్రిని చూశాడు. భార్యను చూశాడు. తల ఇంకా తడిగానే ఉన్నట్టు మళ్లీ తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

"విన్నావా జోయల్?" అంది అమల.

"ఆ."

"ఏమన్నా చెప్తావా?"

"నాయనా, నువ్వు కూడా..." అన్నాడు జోయల్. ఆ మాట అక్కడే ఆగింది. అతను దోసెల దగ్గరికి పోయాడు.

ఆనందమ్మ అందరికీ పళ్లేలు పెట్టింది. అమల తినలేదు. తెర మీద అంకెను చూస్తూ కూర్చుంది. ఇరవై. ముప్పై ఒకటి. నలభై ఆరు. ప్రేమానందం తింటూనే మెడ చాపి ఆ అంకెను చూశాడు. తన లెక్క ప్రకారమే ఎక్కుతోందని తల ఊపాడు.

ఏడూ ముప్పై ఐదుకు ఫ్యాను ఆగింది.

నలుగురూ పైకి చూశారు.

"ఎనిమిది అని రాసినారే," అన్నాడు ప్రేమానందం. పత్రిక తీసి ఐదోసారి చదివాడు.

తెర మీద యాభై ఎనిమిది.

* * *

ఆసుపత్రి రిపోర్టులు చదివి రోగానికీ వైద్యానికీ కోడ్ నంబర్లు వేయడం అమల ఉద్యోగం. తిరుపతిలోని కంపెనీ ఆ పనిని ఇంటి నుంచి చేయనిచ్చింది. సర్టిఫికెట్ లేనివాళ్లు ఈ నెలాఖరు తర్వాత రానక్కర్లేదని జనవరిలోనే చెప్పింది. మొదటిసారి అమల నాలుగు మార్కులతో తప్పింది. రాయడానికి రెండే అవకాశాలు. ఇది రెండోది. మధ్యలో లాప్‌టాప్ ఆగిపోతే పరీక్ష రాసినట్టు కాదు. అవకాశం మాత్రం అయిపోయినట్టే.

ఇంకో చోటికి పోయి రాయడానికీ లేదు. నిన్న సాయంత్రం గది నాలుగు గోడలూ కెమెరాలో చూపించి అనుమతి తీసుకుంది. ఆ గదిలోనే రాయాలి. వేరే మనిషి అందులోకి రాకూడదు. వేరే గొంతు వినపడకూడదు.

"పక్కింట్లో ఇన్వర్టర్ ఉండాది," అన్నాడు జోయల్.

"ఉండాది. ఇంటికి తాళం కూడా ఉండాది," అంది ఆనందమ్మ. "కుప్పయ్య వాళ్లు నిన్ననే పెండ్లికి పోయినారు. మనకూ ఉన్నింది ఇన్వర్టర్. దాని బ్యాటరీ మూడు నెలలుగా బాల్కనీలో మూతలు తెరుచుకోని ఎండలో ఉండాది. మీ నాయన దానికీ పోయిన బలం తెప్పిస్తాండాడు."

"దానికి టైము పడతాది," అన్నాడు ప్రేమానందం.

"నాకూ నమ్మకం ఉండాదిలే. మన ఇద్దరిలో ఒకరు పోయినాక అది లేచి నడుస్తాది."

అమల లాప్‌టాప్ ఆర్పి, చార్జర్‌తో సహా సంచిలో పెట్టి, జోయల్ ముందు పెట్టింది.

"మీ ఫ్యాక్టరీలో జనరేటర్ ఉండాది గదా. బండి మీద పోతే పావుగంట. అరగంట ప్లగ్గులో పెట్టి తీసకరా. ఎనిమిదిన్నర, ఎనిమిదీ ముప్పావుకంతా వచ్చేయొచ్చు."

జోయల్ మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో స్టోర్ కీపరు. సీజను కాబట్టి జనరేటర్ ఆగదు. అతను సంచి వైపు చూశాడు. తీసుకోలేదు.

"సొంత సామాను ఆడ ప్లగ్గులో పెట్టనీరు అమలా."

"అడిగినావా?"

"అడగాల్సిన పనిల్యా. తెలుసు."

"ఫోను చేసి అడుగు."

"మేనేజరు ఇప్పుడే వచ్చింటాడు. వచ్చీ రాంగానే అడిగితే ఏమనుకుంటాడో."

"ఏమనుకుంటాడు?"

"ఏమో."

"ఏమనుకుంటాడో తెలీదు. కానీ అనుకుంటాడని మాత్రం తెలుసు," అంది అమల.

"ఒరేయ్, పోరా," అంది ఆనందమ్మ. "ఏమంటే ఏం. చెవులేమన్నా కోసి పంపిస్తాడా?"

"పోతాలేమ్మా. చొక్కా ఏసుకోనీ."

చొక్కా వేసుకున్నాడు. బండి తాళం వెతికాడు. తాళం మేకుకే ఉంది. అది చూడకుండా పరుపు కింద వెతికాడు. ఆనందమ్మ తీసి చేతిలో పెట్టింది. ఫోను తీసి ఎవరికో చేశాడు. తీయలేదన్నాడు. ఇంకొకరికి చేశాడు. అక్కడి మనిషి కనుక్కుని చెప్తానన్నాడన్నాడు. ఆ మనిషి కనుక్కుని చెప్పేదాకా గుమ్మంలో నిలబడ్డాడు.

సంచి బల్ల మీదే ఉంది. అమల అతన్ని రెండోసారి అడగలేదు.

ఎనిమిదీ ఇరవైకి జోయల్ లోపలికి వచ్చాడు.

"పెట్టుకోమన్నాడు. కానీ ఇప్పుడు పోతే, పెట్టి, మళ్లీ వచ్చేసరికి..."

"తొమ్మిది దాటుతాది," అంది అమల. సంచి విప్పి లాప్‌టాప్ బయటికి తీసింది. "తొమ్మిదింపావుకంతా నేను గదిలో అన్నీ సిద్ధం చేసుకోని కూర్చోవల్ల. దారిలో నీకు ఎవరన్నా కనపడితే వాళ్లేమనుకుంటారో. వద్దులే, కూర్చో."

జోయల్ కూర్చున్నాడు. కూర్చోమన్నందుకు అతని ముఖంలో కొంచెం తేలిక కనపడింది. అమల అది చూసింది.

ఉన్న యాభై ఎనిమిదిని సాగదీయడం ఒక్కటే మిగిలింది. ఆమె లాప్‌టాప్ వెలిగించి ఒక్కొక్కటే ఆపుతూ వచ్చింది. తెర వెలుతురు అక్షరాలు కనపడీ కనపడనంతకు దించింది. అక్షరాల మీటల కింద వెలిగే దీపం ఆర్పింది. సౌండు తీసేసింది. బ్లూటూత్ తీసేసింది. వెనకాల తమంతట తాము తిరిగే ప్రోగ్రాములను, అప్‌డేట్లను మూసింది. బ్యాటరీని పొదుపుగా వాడే ఏర్పాటు పెట్టింది. మౌసు వైరు పీకింది. కింద గాలి ఆడడానికి రెండు పుస్తకాలు పెట్టి వాటి అంచుల మీద లాప్‌టాప్‌ను నిలబెట్టింది. వేడెక్కితే లోపలి ఫ్యాను తిరుగుతుంది. ఆ ఫ్యానూ బ్యాటరీనే తింటుంది.

ప్రేమానందం చేతులు వెనక్కు కట్టుకుని ఇదంతా చూశాడు.

"తడిగుడ్డ ఏమన్నా కప్పమంటావా? సల్లగా ఉంటాది."

"వద్దు మామా. మీరు ఏదీ కప్పొద్దు."

"మంచి చెప్పినా తప్పే."

"నెట్టు ఎట్లా?" అన్నాడు జోయల్. కరెంటు లేదు కాబట్టి ఇంట్లో వైఫై లేదు. "నా ఫోన్లోంచి ఇస్తా." అతను వైరు తెచ్చి ఫోనును లాప్‌టాప్‌కు తగిలించాడు. ఏదో ఒకటి చేశాననే ధీమాతో నిలబడ్డాడు.

ఫోను తెర మీద చార్జింగు గుర్తు వెలిగింది.

అమల ఆ వైరు లాగి అతని చేతిలో పెట్టింది.

"ఏమైంది?"

"నీ ఫోను నా బ్యాటరీని తాగతాంది."

"ఇరవై శాతమే ఉండాది దాంట్లో. రెండూ అవుతాయని..."

ఆనందమ్మ కొడుకు వైపు చూసింది. చేతిలోని గరిటె బల్ల మీద పెట్టి లోపలికి పోయింది.

అమల తన ఫోన్లోంచి వైరు లేకుండా నెట్టు ఇచ్చుకుని, పరీక్ష టైము దాకా తెర ఆర్పేసింది. పరీక్ష గదిలో ఫోను ఉండకూడదు. గది బయట, తలుపు పక్క స్టూలు మీద పెట్టింది.

"దీన్ని ఎవరూ ముట్టొద్దు," అంది. "ఫోన్ మోగినా ఎత్తొద్దు. పక్కకు జరపొద్దు. కింద పడినా తీయొద్దు. జోయల్, నువ్వు ఈడే కూర్చో. ఏమీ చేయొద్దు. అది నీకు కష్టం కాదు."

తలుపు వేసుకుంది.

* * *

పరీక్షకు కాపలా ఉండే మనిషి ఎక్కడివాడో తెలియదు. కనపడడు. తెర మూలలో అక్షరాలు మాత్రం వస్తాయి. గుర్తింపు కార్డు చూపించమన్నాడు. గది చూపించమన్నాడు. బల్ల కింద చూపించమన్నాడు. మీ ముఖం చీకటిగా ఉంది, వెలుతురు పెట్టండి అన్నాడు.

కిటికీ తెరిస్తే ముఖం కనపడింది. తెర కనపడలేదు. మూస్తే తెర కనపడింది. ముఖం కనపడలేదు. ఒక రెక్క మూసి, కుర్చీని అడ్డంగా తిప్పి, సగం ముఖం ఎండలో, సగం తెర నీడలో పెట్టుకుని కూర్చుంది. సరే అన్నాడు కాపలా మనిషి.

ఈ పనులకే తొమ్మిదీ నలభై ఒకటి అయింది. బ్యాటరీ యాభై ఒకటి.

వంద ప్రశ్నలు. పరీక్ష ఇచ్చిన టైము రెండు గంటలు. బ్యాటరీ ఇచ్చేది ఎనభై నిమిషాలకు మించదని అమల అనుకుంది. ఒక్కో ప్రశ్నకు నలభై ఎనిమిది సెకన్లు. మొదటి ప్రశ్న తెరిచింది.

ఇరవైయ్యో ప్రశ్న దగ్గర నలభై ఒకటి. ముప్పై ఏడో ప్రశ్న దగ్గర ముప్పై నాలుగు. అంకె చూడకూడదనుకుంది. ప్రతి ప్రశ్నకూ చూసింది.

నలభై నాలుగో ప్రశ్నలో ఒక ముసలాయన మెట్ల మీద పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. విరిగిన చోటుకు ఒక కోడు, పడిన తీరుకు ఒక కోడు వేయాలి. ఆ రెండోది వెతుకుతుండగా తలుపు అవతల నుంచి మాటలు వినపడ్డాయి.

"ఆ, దొరస్వామీ. లేదప్పా, కరెంటు యాడుండాది? నా బ్యాటరీ మీదనే రాస్తాంది. అదే చెప్తాండా. రెండేళ్లు చూసుకున్యా గదా దాన్ని..."

తెర మూలలో అక్షరాలు వచ్చాయి. వేరే గొంతు వినిపిస్తోంది. ఇంకోసారి వినిపిస్తే పరీక్ష రద్దు.

ఆమె నోరు తెరవకూడదు. లేవకూడదు. కళ్లు తెర మీదనుంచి తిప్పకూడదు. అక్కడే కూర్చుని ఆ గొంతును వింది.

"...కంపెనీ వాళ్లకేం తెలుస్తాది దొరస్వామీ, సెల్లు అంటే..."

గొంతు తెగిపోయింది. ఏదో కిందపడింది. ఆనందమ్మ అడుగులు, వాటి వెంట ఇంకో జత అడుగులు వంటింటి వైపు పోయాయి. కాపలా మనిషి ఇంకేమీ రాయలేదు.

తలుపు పక్కనే జోయల్ ఉన్నాడు. ఏమీ చేయొద్దని చెప్పింది. చేయలేదు.

డెబ్భై నాలుగో ప్రశ్న. పదీ నలభై ఒకటి. బ్యాటరీ పద్దెనిమిది. లెక్క సరిపోతుంది. ఇరవై నిమిషాలు చాలు.

అరిగిన బ్యాటరీ లెక్క ప్రకారం దిగదు. డెబ్భై ఏడో ప్రశ్న చదవడం మొదలుపెట్టినప్పుడు పదహారు. చదవడం అయ్యేసరికి పదకొండు. ఎనభై ఒకటో ప్రశ్న దగ్గర ఆరు.

ఆమె చదవడం ఆపేసింది. తప్పు జవాబుకు మార్కులు తీయరు. మొదటి జవాబు నొక్కడం, తర్వాతి ప్రశ్నకు పోవడం. మళ్లీ మొదటి జవాబు. అవి ఏ రోగాలో, ఎవరి రోగాలో చూడలేదు. మూడేళ్లుగా ఒక్క రిపోర్టు కూడా పూర్తిగా చదవకుండా కోడు వేయని మనిషి. చదవకుండా వేసేవాళ్లను పని దొంగలు అనేది.

తొంభై నాలుగో ప్రశ్న దగ్గర మూడు.

ఇంకా ఆరు ఉన్నాయి. వాటిని వదిలేసి, పరీక్ష ముగించే మీట నొక్కింది. నిజంగానే ముగించాలా అని తెర అడిగింది. అవును అని నొక్కింది. తెర మధ్యలో గుండ్రటి గుర్తు తిరగడం మొదలైంది.

తిరిగింది. తిరిగింది.

తెర నల్లబడింది.

* * *

అమల తలుపు తీసింది. జోయల్ లేచి నిలబడ్డాడు.

"అయిపోయిందా? ఎట్లా రాసినావు?"

ఆమె స్టూలు మీది ఫోను తీసి మెయిల్ చూసింది. రాసింది వాళ్లకు చేరి ఉంటే చేరిందని మెయిల్ వస్తుంది. చేరకపోతే పరీక్ష మధ్యలో ఆగిపోయిందని వస్తుంది. రెండూ రాలేదు.

భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఫోను ముందు పెట్టుకుంది. ఆనందమ్మ మంచినీళ్ల చెంబు తెచ్చి పెట్టింది. ప్రేమానందం వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. అతని ఫోను ఆనందమ్మ కొంగులో ముడేసి ఉంది.

"మొత్తం మీద ఎంతసేపు వచ్చింది?" అన్నాడు.

ఆనందమ్మ తిరిగి చూసింది. "ఆ పిల్ల ముఖం సూసి కూడా అదే అడుగుతావా?"

"టైము అడిగితే తప్పేముండాది?"

"తొమ్మిదిన్నర నుంచి పదీ యాభై దాకా," అంది అమల. "గంటా ఇరవై."

"యాభై ఎనిమిదికి గంటా ఇరవై!" ప్రేమానందం ముందుకు వచ్చాడు. వేళ్ల మీద లెక్క పెట్టాడు. "సూసినావా? నేను పెట్టినప్పుడు నూటికి గంటా ముప్పై ఐదే వచ్చింది. నువ్వు పొదుపుగా వాడితే సగానికి గంటా ఇరవై వచ్చింది. సెల్లు పోలేదు. ఆ లెక్కన నిండుగా ఉండింటే రెండు గంటలు దాటి..."

ఆగాడు.

వేలు ఇంకా వేలి మీదే ఉంది.

"చెప్పు," అంది ఆనందమ్మ. "రెండు గంటలు దాటి? ఆపేసినావే? ముప్పై నాలుగేళ్ల సర్వీసు. లెక్క సగంలో ఇడిసిపెడితే ఎట్లా?"

ప్రేమానందం కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. బల్ల మీద ఉప్పు డబ్బా ఉంటే పక్కకు జరిపాడు. మళ్లీ ఉన్న చోటికి జరిపాడు.

"నాదే తప్పు," అన్నాడు.

ఆ ఇంట్లో ఆ మాట అతని నోటి నుంచి ఎవరూ వినలేదు. అమల తల ఎత్తి చూసింది. ఆ మాటకు ఆమె రెండేళ్లు ఎదురుచూసింది. తీరా వచ్చాక దానితో ఆమెకు పని లేదు.

"తప్పు అంటే సరిపోతాదా మామా?"

"సరిపోదు. ఏమన్నా అను, పడతాను. తెలిసిన పనే అనుకోని చేసినాను. దాపరికంగా చేయలేదు. ఈ బల్ల మీదే, లైటు ఏసుకోని చేసినాను." అతను కొడుకు వైపు తిరిగాడు. "కానీ నన్ను ఒక్కడినే నిలబెట్టి అడుగుతాండారు సూడు, అది మాత్రం నాకు నచ్చల్యా. ఐదున్నరకు వీడూ లేచినాడు. నీళ్లకని వచ్చినాడు. నా ఎనకాలే నిలబడి చూసినాడు. డెబ్భై ఒకటి అని నేను రాస్తాంటే చూసినాడు. వద్దు నాయనా అని ఒక్క మాట అనింటే తీసేసి ప్లగ్గులో పెడుతుంటిని గదా. వీడి నోట్లో ఏముండాదో అడుగు."

జోయల్ తండ్రి వైపు చూశాడు. తర్వాత కిటికీ వైపు చూశాడు.

అమల లెక్క వేసుకుంది. ఐదున్నరకు డెబ్భై ఒకటి ఉంది. అప్పుడు ఆపి ఉంటే ఆరున్నర లోపలే మళ్లీ వంద అయ్యేది. పొద్దున్నుంచి ఆమె తిట్టుకున్నది ఒక మనిషిని. ఆ మనిషి చేశాడు, చేశానన్నాడు. ఇంకో మనిషి దోసెలు తిన్నాడు, తల తుడుచుకున్నాడు, బండి తాళం వెతికాడు.

"చూసినావా?" అంది.

"చూసినా," అన్నాడు జోయల్.

"పరీక్ష ఈ రోజే అని తెలుసు."

"తెలుసు."

"ఎనిమిదికి కరెంటు పోతాదని తెలుసు."

"రాత్రి మెసేజ్ చూసి నువ్వే చెప్పినావు గదా."

"మరి?"

"నాయనతో ఎందుకులే అని." కిటికీ వైపు నుంచి ఇటు తిరిగాడు. "ఆపితే నాయన అరుస్తాడు. ఆపకపోతే నువ్వు అరుస్తావు. నేను ఎవరికి చెప్పేది?"

"ఎవరి అరుపు తక్కువుంటాదో సూసుకున్నావు," అంది ఆనందమ్మ.

"నువ్వు ఉండమ్మా." జోయల్ అమల వైపు వంగాడు. "నిన్ను లేపుదామనే గదిలోకి వచ్చినాను అమలా. నిజంగా. దేవుని తోడు. మంచం దగ్గరి దాకా వచ్చినాను."

"వచ్చి?"

"నువ్వు నిద్రపోతాండావు."

"లేపేదానికి వచ్చినోడివి. నేను నిద్రపోతాంటే ఏం చేసినావు?"

జోయల్ నోరు తెరిచాడు.

బల్ల మీద ఫోను గుర్రుమంది. తెర వెలిగింది. నలుగురూ దాని వైపు చూశారు. ప్రేమానందం కుర్చీలోంచి సగం లేచాడు.

"మెయిల్!" అన్నాడు జోయల్. ఆ ఉదయం అతను అంత చురుగ్గా ఒక్క మాట కూడా అనలేదు. చేయి చాపాడు. "మెయిల్ వచ్చినట్టుంది అమలా, చూడు, చూడు, వచ్చేసింది..."

అతని చేయి చేరేలోపు అమల ఫోను మీద అరచేయి పెట్టింది. వెలుగు ఆమె వేళ్ల సందుల్లోంచి కొంచెంసేపు కనపడి ఆరిపోయింది.

"అది యాడికీ పోదు," అంది. "ముందు నువ్వు చెప్పు."